కాగితం పూల పందెం

డ్రైవరమ్మకి ఆ గంటంటే ఒళ్ళుమంట.

అరచేతిలో ఇమిడే ఇత్తడి గంట. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజే కూతురు చిట్టి దాన్ని మంచం పక్కన స్టూలు మీద పెట్టి, "అమ్మా, మంచినీళ్ళు కావాలన్నా, బాత్రూంకి వెళ్ళాలన్నా దీన్ని ఒక్కసారి మోగించు చాలు, పరిగెత్తుకుని వచ్చేస్తా. నువ్వు మాత్రం మంచం దిగకు" అని చెప్పింది.

డ్రైవరమ్మ గంట వంక ఒకసారి, కూతురి వంక ఒకసారి చూసింది. వయసంతా సిటీ బస్సు నడిపిన మనిషి ఆమె. వెనక నుంచి కండక్టరు తాడు లాగితే తల మీద గంట మోగేది. ఒకసారి మోగితే ఆపాలి, రెండుసార్లు మోగితే పోనివ్వాలి. ఆ రెండు మాటలూ తప్ప గంటకి ఇంకో భాష ఉంటుందని ఆమె ఎరగదు. మనిషిని మంచానికి కట్టేసే గంట కూడా ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

"నేను దీన్ని ముట్టుకోను" అంది.

అన్నట్టే ముట్టుకోలేదు. గంట మీద దుమ్ము పేరుకుంది. దాన్ని కూడా చిట్టే తుడిచేది.

పక్షవాతం పైపైన తగిలి పోయిందని, అదృష్టవంతురాలివని డాక్టరు అన్నాడు. ఆ అదృష్టం తాలూకు గుర్తులు ఎడం పక్కన మిగిలాయి. ఎడం చేతి వేళ్ళు చెప్పిన మాట వినవు. ఎడం కాలు ఎప్పుడూ అరక్షణం ఆలస్యంగా వస్తుంది, బస్సు కదిలాక పరిగెత్తుకొచ్చే ప్రయాణికుడిలాగా. మాట మాత్రం చెక్కు చెదరలేదు. అదొక్కటీ కాస్త తగ్గినా బాగుండేదని ఇంట్లోవాళ్ళు లోలోపల అనుకునే ఉంటారు.

ఇల్లు ఆమెదే. కింద చిట్టీ, అల్లుడూ ఉంటారు. పైన ఒక గది, మిగిలినదంతా డాబా. ఆ పైభాగం డ్రైవరమ్మ రాజ్యం. బయటి నుంచి మెట్లు, మెట్ల మొదట్లో ఇనప తలుపు. ఇంటికొచ్చిన కొత్తలో ఆమె మూడో మెట్టు మీద జారింది. ఎముకలేమీ విరగలేదు. కానీ మర్నాటికల్లా ఆ ఇనప తలుపుకి తాళం పడింది, తాళంచెవి చిట్టి నడుముకెక్కింది.

చిట్టి నర్సు. వార్డునిండా రోగుల్ని కంటిచూపుతో చక్కబెట్టే మనిషి. ఇంటికొచ్చినా ఆ చూపు దించదు. వేళకి మాత్ర, వేళకి అన్నం, వేళకి నిద్ర, ఎదురు మాట్లాడకూడదు. అమ్మంటే ప్రాణం. ఆ ప్రాణం తీసేంత ప్రేమకి విరుగుడు ఏ మందుల షాపులోనూ దొరకదు.

వానలు వెనకబట్టాక, ఒకరోజు పొద్దున్న పళ్ళెంలో అన్నం పట్టుకొచ్చి కూతురు అసలు మాట బయటపెట్టింది.

"వెనక గది ఖాళీ చేయిస్తున్నానమ్మా. పై నెల నుంచి నువ్వు కిందే."

వెనక గదికి ఒకే కిటికీ. ఆ కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. గోడ మీద ఒక తుప్పు పట్టిన గొట్టం. అంతకుమించి లోకంలో ఇంకేమైనా ఉన్నట్టు ఆ గదికి తెలియదు.

"నేను దిగను."

"మెట్ల మీద మళ్ళీ పడితే?"

"పడితే లేస్తాను."

"అన్నీ నీకు పంతాలే. ఆ చెట్టుని చూడు. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పటి నుంచి నేనే చూస్తున్నా. రెండు పూటలా నీళ్ళు, బియ్యం కడుగు, ఎరువు. ఎలా ఏపుగా పెరిగిందో! మాట వింటే నువ్వూ అలాగే కోలుకుంటావు."

డ్రైవరమ్మ కిటికీలోంచి చెట్టు వంక చూసింది. పిట్టగోడ మూలలో, సగానికి కోసిన డీజిలు పీపాలో ఉంది ఆమె కాగితం పూల చెట్టు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో డిపో గోడ మీద నుంచి ఒక కొమ్మ విరుచుకొచ్చి గుచ్చితే బతికింది. ఏటా వానలు పోయాక పిట్టగోడ దాటి వీధిలోకి వేలాడుతూ పూసేది. ఆకు కనిపించేది కాదు, అంతా రాణిరంగే. ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే, ఆ వీధిలో ఎవరిని కదిలించినా "రాణిరంగు డాబా" అని చెయ్యి చూపించేవాళ్ళు.

ఈసారి నిజంగానే ఏపుగా ఉంది. అరచేతులంత ఆకులు, నిగనిగలాడుతూ. వెతికినా ఒక్క పువ్వు లేదు.

"పువ్వేదీ?" అంది డ్రైవరమ్మ.

"దానికీ వయసైపోయిందేమో."

ఆ మాట అన్నాక చిట్టి నాలిక్కరుచుకుంది. కానీ అప్పటికే డ్రైవరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"వయసు కాదే, దానికి నీ సేవ ఎక్కువైంది. కాగితం పూల చెట్టుకి రోజూ నీళ్ళు పోస్తే ఆకులేసుకుని కులాసాగా కూర్చుంటుంది. దాహం వెయ్యాలి దానికి. ఎండకి మాడాలి, వేరు తడుముకోవాలి. అప్పుడు పూస్తుంది. నాతో పందెం కాస్తావా?"

"ఏం పందెం?"

"పై నెలాఖరులోగా ఇది పూస్తే నేను ఇక్కడే ఉంటా, తాళంచెవి నా చేతికియ్యాలి. పూయకపోతే నోరు మూసుకుని నీ వెనక గదిలోకి దిగుతా. అప్పటిదాకా దీని జోలికి ఎవరూ రావద్దు."

చిట్టి కాసేపు ఆలోచించింది. అమ్మ నోరు మూసుకోవడం అనే మాట ఆమెకి బాగా నచ్చినట్టుంది. "సరే" అంది.

ఆ మధ్యాహ్నమే డ్రైవరమ్మ కత్తెర తీసింది. రెండు చేతుల పని అది. ఒక చెయ్యి కొమ్మని పట్టాలి, ఒక చెయ్యి కత్తిరించాలి. పట్టాల్సిన చెయ్యి పట్టనంటోంది. అందుకని కొమ్మని పిట్టగోడకేసి ఒత్తి, దాని మీద ఎడం మోచేయి ఆనించి, ఒంటి బరువంతా మోపి, కుడిచేత్తో కత్తిరించింది. ఏపుగా సాగిన కొమ్మలన్నిటినీ సగానికి తెగ్గొట్టింది. ఊపిరి అందనప్పుడల్లా పీపా అంచు మీద కూర్చుని చెట్టుని తిట్టింది.

నేల మీద ఎర్రటి చుక్కలు కనిపించాక గానీ ఎడం అరచేతిలో ముల్లు దిగిందని ఆమెకి తెలియలేదు. వేలెడు ముల్లు. దిగితే కెవ్వుమనాల్సిన చెయ్యి ఉలకలేదు, పలకలేదు. అప్పుడు మాత్రం డ్రైవరమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళ దాకా వచ్చిన నీళ్ళని అక్కడే ఆపి, ముల్లు పీకి, ఆ ముల్లున్న కొమ్మని ఇంకో జానెడు కిందికి కత్తిరించింది.

సాయంత్రం చిట్టి వచ్చి అమ్మ చేతి కట్టునీ, బోడిగా నిలబడ్డ చెట్టునీ చూసి నెత్తీ నోరూ కొట్టుకుంది. ఎవరి మీద ఎక్కువ జాలి పడాలో తెలియక ఇద్దర్నీ తిట్టింది.

ఇక నీళ్ళు బంద్. డ్రైవరమ్మ తాను తాగి మిగిల్చిన గ్లాసు నీళ్ళు కూడా ఆ పీపా దగ్గర పారబోసేది కాదు. కొన్నాళ్ళకి మిగిలిన ఆకులు వేలాడాయి, పసుపుపచ్చగా మారాయి, రాలాయి. ఆమె సంతోషపడింది. రేపో మాపో కణుపుల దగ్గర మొగ్గ కట్టాలి.

కట్టలేదు. పొద్దున వాడిన చెట్టు సాయంత్రానికి తేరుకుని కనిపించేది. కొమ్మల చివర లేత ఆకులు పుట్టుకొచ్చేవి, మళ్ళీ అదే కులాసా. వాన చుక్క పడలేదు. మరి దీనికి ఈ పొగరెక్కడిది? అనుమానమొచ్చి డ్రైవరమ్మ పీపాలోకి వేలు దింపింది. పైన పొడిమట్టి చల్లి ఉంది. కింద తడి.

"దొంగదానా!" అంది. చెట్టుని కాదు, కూతుర్ని. పందెం కాసి, అమ్మని ఓడించడానికి చాటుగా నీళ్ళు పోస్తుందా? కన్నకూతురు ఇంత మోసం చేస్తుందా? గుండెలో కలుక్కుమంది. ఎడం చేతిలో దిగిన ముల్లుకి పలకని ఒళ్ళు, ఈ నొప్పికి మాత్రం నిలువునా పలికింది.

మర్నాడు మధ్యాహ్నం మాత్ర వేసుకుని, గోడవైపు తిరిగి పడుకుని, గురక కూడా పెట్టింది. మెట్ల తాళం తీసిన చప్పుడైంది. అడుగులు పిల్లి అడుగులే గానీ చిట్టివి కావు. ఒక కన్ను తెరిచి చూస్తే, అల్లుడు! గడియారాలు బాగుచేసే కొట్టు అతనిది, తాళానికి మారుచెవి చేసుకోవడం అతనికో లెక్కా. చేతిగడియారంలో నూనె చుక్క వేసేంత జాగ్రత్తగా సీసాలోంచి పీపాలోకి నీళ్ళు వంచుతున్నాడు.

"ఏం బాబూ, అంతా కులాసానా?"

అల్లుడి చేతిలో సీసా జారి పడింది. అసలే నోట్లో నాలుక లేని మనిషి, ఉన్న కాస్త మాటా పోయింది.

"అత్తయ్యా... అదీ... ఆకులన్నీ రాలిపోతున్నాయి కదా. చచ్చిపోతుందేమోనని భయమేసింది. అది చస్తే మీరు ఓడిపోతారు. మీరు గెలవాలని నాకుంది."

డ్రైవరమ్మ నోరు తెరిచిందే గానీ తిట్టు రాలేదు. ఇంతలో మెట్ల మీద మళ్ళీ అడుగులు. అల్లుడు వణికిపోయి నీళ్ళ ట్యాంకు వెనక్కి తప్పుకున్నాడు. తాళం తీసుందని కూడా గమనించని హడావిడిలో చిట్టి వచ్చింది, పమిట చాటున చెంబు. తిన్నగా పీపా దగ్గరికి వెళ్ళి, చెంబు వంచి, పైన పొడిమట్టి చల్లుతూ తలెత్తేసరికి ఎదురుగా అమ్మ.

"నువ్వు కూడానా!" అన్న డ్రైవరమ్మ గొంతు విని వీధి అవతల దర్జీ కుట్టుమిషను ఆపి తల బయటపెట్టాడు.

"కూడా అంటే?" అంది చిట్టి. ట్యాంకు వెనక నుంచి మొగుడు సీసాతో సహా బయటికి వచ్చాడు. ఆలుమగలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు ఆ చెట్టుని కరువనేది ఎరగకుండా పెంచుతున్నారు.

"నేను ఓడాలనా?" అని అడిగింది డ్రైవరమ్మ కూతుర్ని.

"కాదు" అంది చిట్టి. కళ్ళనిండా నీళ్ళు. "గెలవాలని. నువ్వు కిందికి దిగాలని నాకుంది. కానీ ఓడిపోయి దిగాలని లేదు. నువ్వు ఓడిపోతే నేను చూడలేనమ్మా."

"ఇద్దరూ కలిసి నన్ను గెలిపించబోయి ముంచారు కదే! నీళ్ళు పోస్తే పూయదని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పానా, లేదా?"

"చెప్పావు. అయినా ఎండిపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను?"

"ఊరుకోవాలి! అదే నేర్చుకోవాలి నువ్వు. చెట్టు దగ్గరా, నా దగ్గరా!"

"చెట్టు పోతే ఇంకో కొమ్మ గుచ్చుకుంటావు" అని చిట్టి అరిచింది. వార్డు గొంతు కాదు, చిన్నపిల్ల గొంతు. "నువ్వు మెట్ల మీద పడి పోతే ఇంకో అమ్మని నేనెక్కడి నుంచి తెచ్చుకోను?"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

నెలాఖరు వచ్చింది. చెట్టు పచ్చగా నవనవలాడుతోంది, పువ్వు లేదు. చిట్టి మెల్లగా నసిగింది.

"తప్పు మాదే కదమ్మా. పైనే ఉండు. పందెం లేదు, గిందెం లేదు."

ఆ మాటకి డ్రైవరమ్మ మెత్తబడుతుందనుకున్నారు. ఆమె ముఖం కందగడ్డ అయింది.

"జాలిపడి ఇచ్చిన డాబా నాకక్కర్లేదు. మాటంటే మాటే. దిగుతున్నా. కానీ ఒకటి. ఆ తలుపుకి తాళం వెయ్యి. నేనెక్కను, మీరూ ఎక్కకూడదు. అది చస్తే చస్తుంది, బతికితే బతుకుతుంది. నీళ్ళ చుక్క పడిందని తెలిసిందా, నేను డిపో రెస్టురూంలో పడుకుంటా గానీ ఈ ఇంట్లో ఉండను."

డిపో వాళ్ళు రానిస్తారా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వెనక గదిలో ఆమె ఊరికే కూర్చోలేదు. కిటికీ చువ్వ పట్టుకుని లేవడం, కూర్చోవడం. గుమ్మం ఎక్కడం, దిగడం. ఎడం చేత్తో తువ్వాలు పిండడం. తువ్వాలు మొదట్లో ఆమెని చూసి నవ్వింది, తర్వాత కాస్త కాస్త నీళ్ళు వదిలింది. చిట్టి తలుపు దగ్గరికి వచ్చి, పట్టుకోబోయి, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళిపోయేది. అలా వెళ్ళిపోవడానికి కూతురు ఎంత కష్టపడుతోందో డ్రైవరమ్మ చూసింది. చూసినా పైకి చెప్పలేదు. గంట స్టూలుతో సహా కిందికి వచ్చింది. దాన్ని ఇప్పటికీ ముట్టుకోలేదు.

పైన ఏమవుతోందో ఆమె అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు చూడటానికి ఎక్కుతారు, ఎక్కితే చేతిలో చెంబు ఉంటుంది. అన్నం తింటున్నప్పుడు మాత్రం ఆ చెట్టు గుర్తొచ్చి ముద్ద దిగేది కాదు. కన్నతల్లి లాంటిదాన్ని అయ్యుండి, నేనే దాన్ని ఎండలో వదిలేశానే అని దిగులుపడేది. వెంటనే తనని తాను తిట్టుకుని ముద్ద మింగేది.

చలి మొదలైన ఒక పొద్దున, చిట్టి డ్యూటీకి బయల్దేరుతుంటే వీధిలోంచి దర్జీ కేక వినిపించింది.

"డ్రైవరమ్మా! ఓ డ్రైవరమ్మా! ఇంట్లో కూర్చుని ఏం చేస్తున్నావు? బయటికొచ్చి నీ డాబా చూడు!"

డ్రైవరమ్మ గోడ పట్టుకుని వీధి గుమ్మంలోకి వచ్చి తలెత్తింది. పిట్టగోడ కనపడటం లేదు. మూల నుంచి మూల దాకా రాణిరంగు. కొమ్మలు గోడ దాటి కిందికి వేలాడుతున్నాయి, ఒక్క ఆకు లేదు. ఎవరూ నీళ్ళు పోయని చెట్టు, ఎవరూ పలకరించని చెట్టు, విరగబూసింది. గాలికి కొన్ని రేకులు వచ్చి దర్జీ గుమ్మంలో పడ్డాయి.

డ్రైవరమ్మ కూతురి వైపు చెయ్యి చాపింది. ఎడం చెయ్యి.

"తాళంచెవి."

"నెలాఖరు దాటిపోయింది కదమ్మా" అంది చిట్టి. అన్నదే గానీ గొంతులో పస లేదు.

"దాటింది. పందెం ఓడాను, మాట ప్రకారం దిగాను, ఇన్నాళ్ళు నీ గదిలో ఉన్నాను. ఆ లెక్క తీరిపోయింది. ఇప్పుడు పందెం అడగట్లేదు, నా ఇల్లు అడుగుతున్నా. పడతానేమో. పడితే లేస్తా. లేవలేకపోతే పిలుస్తా. పిలిస్తే రా, రావద్దనను. పిలవకముందు మాత్రం రాకు."

చిట్టి నడుము నుంచి తాళంచెవి తీసింది. అమ్మ అరచేతిలో పెట్టింది. వేళ్ళు వెంటనే ముడుచుకోలేదు. ఒకటి, ఆగి ఇంకొకటి, నెమ్మదిగా మూసుకున్నాయి. దాని చల్లదనం డ్రైవరమ్మకి సరిగ్గా తెలియలేదు. బరువు తెలిసింది.

"పిలుస్తావని నమ్మకమేంటి?" అంది చిట్టి.

డ్రైవరమ్మ వెనక్కి తిరిగి అల్లుడితో, "బాబూ, ఆ గంట ఇలా పట్రా" అంది.

ఇద్దరూ నోళ్ళు వెళ్ళబెట్టారు. గంటని చెంగులో చుట్టి నడుముకి దోపుకుని, ఆమె తాళం తీసింది. కుడిచెయ్యి కమ్మీ మీద. కుడికాలు ముందు, ఎడంకాలు వెనక. మూడో మెట్టు దగ్గర ఆగి దాన్ని ఒకసారి ఎగాదిగా చూసి, దాటింది. కింద కూతురు ఊపిరి బిగపట్టిన సంగతి వెనక్కి చూడకుండానే తెలుస్తోంది. అల్లుడు ముందుకి కదలబోతే చిట్టి అతని చొక్కా పట్టి లాగినట్టుంది, బొత్తాం తెగి రాలిన చప్పుడైంది.

పైకి చేరేసరికి గుండె దడదడలాడుతోంది. పిట్టగోడని పట్టుకుని నిలబడి, పీపాలోకి వేలు దింపింది. మట్టి నెర్రెలిచ్చి ఉంది. "మొండిదానా" అంది. ఈసారి చెట్టునే. ట్యాంకు దగ్గర చెంబు ముంచుకుని, సగం ఒంటి మీద ఒలకబోసుకుంటూ, మిగతా సగం పీపాలో పోసింది. "ఇప్పుడు తాగు. ఇప్పుడు నీకు హక్కుంది."

అప్పుడు గంట తీసింది. కుడిచేత్తో మోగించవచ్చు. మనసొప్పలేదు. ఎడం చేతిలోకి మార్చుకుని ఊపింది.

ఒకసారి మోగింది. మోగుతూనే వేళ్ళలోంచి జారి, నేల మీద దొర్లి, పీపా కిందికి పోయింది.

కింద మెట్ల మీద అడుగులు దబదబా మోగాయి.

"ఆగక్కడే!" అని డ్రైవరమ్మ గట్టిగా అరిచింది. "ఇంకా అవలేదు!"

అడుగులు ఆగిపోయాయి. ఆమె పీపా అంచు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. రాలిన రేకుల్లో తడిమి గంటని అందుకుంది. ఎడం చేతిలోనే పెట్టుకుంది. ఒక్కో వేలూ మూసుకునేదాకా దాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత చెయ్యి పైకెత్తి మోగించింది.

రెండుసార్లు.

డ్రైవరు కూతురు, చిన్నప్పుడు ఇంజను పక్కన కూర్చుని ఆ గంటలు వింటూ పెరిగిన పిల్ల. దానికి విడమర్చి చెప్పక్కర్లేదు. అడుగులు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి. ఇనప తలుపు దగ్గరికి వేసిన చప్పుడైంది. తాళం వేసిన చప్పుడు కాలేదు.

డ్రైవరమ్మ పీపా పట్టుకుని లేచి, పూలకొమ్మలు పక్కకి తప్పించి చూసింది. చిట్టి సంచీ భుజాన వేసుకుని డ్యూటీకి వెళుతోంది. వీధి మలుపు దాకా ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే అమ్మ తిడుతుందని దానికి తెలుసు.